చేను మునిగింది సరే, పరిహారం పడాలంటే ఏం చెయ్యాలి

తుపాను వెళ్ళిన మర్నాడు నాకు వచ్చినన్ని ఫోన్లు నా పెళ్ళికి కూడా రాలేదండి. అందరిదీ ఒకటే మాట, "అబ్బాయ్, మనకి పరిహారం ఎంత పడద్ది, ఎప్పుడు పడద్ది". నేనేమీ ఆఫీసర్ని కాదండి బాబూ, అమలాపురం చుట్టుపక్కల ఒక ఊళ్ళో రెండెకరాల చేను, అరెకరం కొబ్బరి తోట ఉన్న ఇంట్లో పుట్టినోణ్ణి, ఫోన్లో నాలుగు అక్షరాలు కొట్టడం వచ్చు కాబట్టి సగం ఊరి ఆధార్లు, పాస్‌బుక్కుల ఫోటోలు నా గ్యాలరీలోనే ఉంటాయి. అలా ఏళ్ళ తరబడి వీళ్ళవీ వాళ్ళవీ చూసి చూసి నాకు అర్థమైంది ఏంటంటే పరిహారం వస్తదా రాదా అన్నది నీళ్ళొచ్చిన రోజు తేలే విషయం కాదు, అంతకి రెండు నెలల ముందే రైతు సేవా కేంద్రంలో కంప్యూటర్లో మన పేరు ఎలా ఎక్కిందో అక్కడే సగం తేలిపోద్ది. మిగతా సగం నీళ్ళు తీసిన వారంలో తేలుద్ది. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పలేక అంతా ఒకచోట రాసేస్తున్నా, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు దీని అసలు పేరు. మనం నష్టపరిహారం అంటాం, పేపరోళ్ళూ అదే రాస్తారు, గవర్నమెంట్ కాయితాల్లో మాత్రం ఇన్‌పుట్ సబ్సిడీ అనే ఉంటది. అంటే పోయిన పంటకి ఖరీదు కట్టి ఇచ్చేది కాదు, మళ్ళీ విత్తనం ఎరువు కొనుక్కోడానికి ఇచ్చే సాయం. ఈ తేడా తెలియక "ముప్పై బస్తాలు పోయినయ్యి, ఈళ్ళు ఇచ్చేది ఇంతేనా" అని ఆఫీసులో గొడవపడి వచ్చేస్తారు మనోళ్ళు. గొడవ న్యాయమే కానీ ఆ టేబుల్ ముందు పడితే లాభం లేదు, అక్కడ కూర్చున్న అబ్బాయికి రేటు పెంచే పవర్ ఉండదు.

రేట్లు ఎలా ఉంటాయంటే, విపత్తు నిధిలో రూపాయికి ముప్పావలా కేంద్రం, పావలా రాష్ట్రం వేస్తాయి, ఆ నిధికి కేంద్రం ఒక రేట్ల పట్టిక పెట్టింది. 2022 నుంచి 2026 వరకు పెట్టిన పట్టికలో వర్షాధారం పంటకి హెక్టారుకి 8,500, నీటి వసతి ఉన్న పంటకి 17,000, కొబ్బరి లాంటి ఏళ్ళ తరబడి ఉండే తోటలకి 22,500 రూపాయలు. రాష్ట్రం కావాలంటే దాని మీద కలిపి ఇవ్వొచ్చు, 2024 సెప్టెంబర్ వరదలప్పుడు వరికి హెక్టారుకి 25,000 అన్నారు, అంటే మన లెక్కలో ఎకరానికి 10,000. ఒక్కో రైతుకి 2 హెక్టార్ల వరకే, సుమారు 5 ఎకరాలు అనుకోండి. పదెకరాలు మునిగినా 5 ఎకరాలకే లెక్క. అరవై సెంట్లు ఉన్నాయనకైతే 10,000 చొప్పున 6,000 వస్తది. ఎకరానికి పెట్టుబడి ఎంతవుద్దో మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి దీని మీద ఆశ ఎంత పెట్టుకోవాలో అంతే పెట్టుకోండి, అలాగని వదులుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన గీత 33 శాతం. పంట నష్టం మూడో వంతుకి తగ్గితే ఒక్క రూపాయి కూడా రాదు. 2015కి ముందు ఇది 50 శాతం ఉండేది, అంటే సగం పోతేనే లెక్క, ఇప్పుడు కాస్త నయం. ఈ 33 ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు అన్నది కింద చెప్తాను, అసలు కథంతా అక్కడే ఉంది.

ఇక ఈ-పంట గురించి. దీన్నే ఈ-క్రాప్ అంటారు. సార్వాకి (ఖరీఫ్) ఒకసారి దాళ్వాకి (రబీ) ఒకసారి మన వ్యవసాయ సహాయకుడు చేలోకి వచ్చి సర్వే నంబర్, ఎన్ని సెంట్లు, ఏ రకం, ఎవరు చేస్తున్నారు అన్నీ ఎక్కించి ఫోటో తీస్కుంటాడు, తర్వాత మనం వేలిముద్ర వేసి కేవైసీ చెయ్యాలి. పరిహారం లెక్క మొత్తం ఈ డేటా మీదే నడుస్తది. ఇందులో పేరు లేకపోతే మీ చేను నడుం లోతు నీళ్ళలో ఉన్నా గవర్నమెంట్ దృష్టిలో అక్కడ పంటే లేదు. "మా చేను రోడ్డు పక్కనే కదా, అందరికీ తెలుసు కదా" అంటే కుదరదండి, కంప్యూటర్‌కి తెలీదు.

చాలామంది చేసే తప్పేంటంటే ఎక్కించారని తెలుసుకుని ఊరుకుంటారు, ఏమి ఎక్కించారో చూడరు. రైతు సేవా కేంద్రం గోడ మీద ముసాయిదా లిస్టు అంటిస్తారు, ఆ రోజు వెళ్ళి మీ లైను ఫోటో తీస్కోండి. ఏం చూడాలంటే, విస్తీర్ణం సరిగ్గా ఉందా (1.20 ఉండాల్సిన చోట 0.20 పడ్డం నేనే చూశా, అక్కడ ఒక అంకె తేడా ఇక్కడ పదివేలు తేడా), పంట పేరు సరిగ్గా ఉందా, సర్వే నంబర్‌లో సబ్ డివిజన్ సరిపోయిందా, ఇంకోటి ఎవరూ పట్టించుకోనిది, నీటి వసతి దగ్గర ఏం పడింది. మన డెల్టాలో కాలవ నీళ్ళు రాని చేను ఎక్కడుందండీ, అయినా పొరపాటున వర్షాధారం అని పడిపోతే పైన చెప్పిన పట్టికలో 17,000 కాస్తా 8,500 అయి కూర్చుంటది. తప్పు కనపడితే అప్పుడే కాయితం మీద రాసిచ్చి ఒక కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి, నోటి మాటగా "సరే చూస్తాలెండి" అంటే అది చూడ్డం కాదు. సార్వాకి ఈ-పంట మామూలుగా సెప్టెంబర్ నెలాఖరు దాకా నడుస్తది, మన తుపాన్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వస్తాయి, ఈ రెండింటి మధ్య ఉన్న టైములోనే మీ పేరు చూసుకోవాలి.

కౌలు రైతులకి ఒక మాట, నిజానికి ఈ పోస్టు మొదలెట్టింది మీకోసమే. మన వైపు చేలు చేసేది ఒకరు, పట్టా ఉండేది ఇంకొకరు, ఆ ఇంకొకరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. మక్తా, అంటే కౌలు, బస్తాల్లెక్కన ఇచ్చేస్తాం, కాయితం ఉండదు, అంతా నమ్మకం మీదే. మునిగింది కౌలు రైతు పెట్టుబడి, డబ్బులు పడేది పట్టాదారు ఖాతాలో. ఇలా కాకుండా ఉండడానికే 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు, దాని ప్రకారం సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు కార్డు ఇస్తారు, గడువు 11 నెలలు. ఈ కార్డుకి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, చిక్కంతా అక్కడే. మా వీధిలో ఒక మావయ్య నా ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు, "బాబుగారండి, ఆ కార్డు కాయితం మీద ఒక్క సంతకం పెడితే బాగుంటదండి", అటునుంచి ఆయన "నువ్వంటే నాకు నమ్మకమేనయ్యా, కాయితాలు మాత్రం వద్దులే, రేపు మా పిల్లలకి తలనొప్పి" అన్నాడు. మావయ్య "ఆయ్, అలాగేనండి" అని ఫోన్ పెట్టేశాడు. ఇరవై యేళ్ళ నుంచి అదే చేను చేస్తున్నాడు ఆయన.

యజమానులకి చెప్పాల్సింది ఏంటంటే ఈ కార్డు భూమి మీద హక్కు ఇవ్వదు, పంట మీదే ఇస్తది, 11 నెలలు అవ్వగానే దానంతటదే చచ్చిపోద్ది, రికార్డుల్లో యజమాని పేరు మారదు. 2011లో రుణ అర్హత కార్డులు వచ్చినప్పుడూ ఇదే భయం, ఇప్పుడూ ఇదే భయం. మీరు నేరుగా చెప్తే వినరు కాబట్టి వీఆర్వో గారి చేత చెప్పించండి, చట్టం కాయితం తెలుగులో ఉంటది, అది వాట్సాప్‌లో పంపించండి. సంతకం పెట్టరని ఖాయమైపోతే కనీసం ఈ-పంట ఎక్కించే రోజున చేలో మీరే ఉండండి, సాగు చేస్తున్నది నేనే, నా పేరే వెయ్యండి అని అడగండి, ఈ-పంటలో ఉండాల్సింది వాస్తవంగా సాగు చేసేవాళ్ళ పేరే. అడగటానికి మొహమాటపడితే పట్టాదారు పేరే ఆటోమేటిగ్గా ఎక్కేస్తది, ఎందుకంటే వెబ్‌ల్యాండ్‌లో, అంటే గవర్నమెంట్ భూమి రికార్డుల కంప్యూటర్లో ఉన్నది ఆ పేరే. అప్పుడు డబ్బులు ఆయనకి పడతాయి, ఆయన మంచోడైతే మీకు ఇస్తాడు, ఇచ్చినోళ్ళూ ఉన్నారు, మక్తాలో తగ్గించుకున్నోళ్ళూ ఉన్నారు, "నాకేం పడలేదే" అన్నోళ్ళూ ఉన్నారు.

పట్టాదారు చనిపోయి భూమి ఇంకా తాతయ్య పేరు మీదే ఉన్న ఇళ్ళు ప్రతి వీధికీ రెండు ఉంటాయి. అన్నదమ్ములు పంచుకుని గట్లు కూడా వేసేసుకుంటారు, కాయితాల్లో మాత్రం తాతయ్య ఇంకా సాగు చేస్తూనే ఉంటాడు. మీభూమి సైట్లో 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే కాయితం) తీసి చూసుకోండి, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోవటం తుపాను వచ్చాక అయ్యే పని కాదు.

సరే, ఇప్పుడు నీళ్ళొచ్చాయి అనుకుందాం.

మన డెల్టాలో నీళ్ళు రావటం ఒక ఎత్తు, పోవటం ఇంకో ఎత్తు. ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇవి గోదారి మధ్య లంకల్లో ఉండేవాళ్ళకి లెక్కలు. మిగతా వాళ్ళకి వరద కన్నా మురుగు కాలవే శత్రువు, డ్రైన్ నిండా గుర్రపు డెక్క, అవతల సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు, పై నుంచి వాన, చేలో నాలుగు రోజులు వారం రోజులు అలా నిలబడిపోద్ది. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా క్రాప్ హాలిడే అన్నప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ముంపు కూడా ఒకటి. ఇది ఎందుకు చెప్తున్నానంటే నష్టం లెక్క నీళ్ళు తీశాకే వేస్తారు. తుపాను మర్నాడు పేపర్లో "జిల్లాలో ఇన్ని వేల ఎకరాలు నీట మునక" అని వేస్తారు చూడండి, అది ప్రాథమిక అంచనా, మండలాల నుంచి ఫోన్లో చెప్పిన లెక్క. అందులో మీ పేరు ఉండదు. పేరు ఎక్కేది ఎన్యుమరేషన్‌లో, అంటే చేను చేనుకీ వచ్చి నష్టం రాసుకునేటప్పుడు, అదొక వారం పది రోజుల తర్వాత మొదలవుద్ది. ఈ మధ్యలో ఊరికే ఉండకూడదు.

మొదటి రోజే ఫోటోలు తియ్యండి. చేను మొత్తం పడేలా ఒకటి, పక్కన గుర్తుపట్టేది ఏదన్నా, కరెంట్ స్తంభమో తూమో కొబ్బరి చెట్టో, వచ్చేలా ఒకటి, నీళ్ళు ఎంత లోతో తెలిసేలా మీరు దిగి నిలబడి ఒకటి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసుకుని తీస్తే తేదీ, చోటు ఫోటోలోనే ఉండిపోతాయి. రెండో రోజు, నాలుగో రోజు మళ్ళీ అదే చోట నిలబడి తియ్యండి, నీరు ఎన్నాళ్ళుందో దానికన్నా సాక్ష్యం లేదు. ఆ తర్వాతే నీళ్ళు తియ్యటం, బోదె తవ్వటం, ఇంజిన్ పెట్టటం. పరిహారం కోసమని చేను అలాగే కుళ్ళబెట్టి ఎదురుచూసేవాళ్ళని చూశాను, అది తప్పండి, నీళ్ళు తీసేస్తే పరిహారం పోతుందని ఎక్కడా లేదు. కోసిన పనల మీద వాన పడితే లీటర్ నీటికి 50 గ్రాముల కళ్ళుప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక ఆగుద్దని యూనివర్సిటీ వాళ్ళే చెప్తారు, అది చెయ్యండి, చేసే ముందు పనల ఫోటో తీస్కోండి, అంతే.

ఎన్యుమరేషన్ రోజు మాత్రం పెళ్ళున్నా పేరంటం ఉన్నా చేలోనే ఉండాలి. వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో వస్తారు, తోటలకైతే ఉద్యాన సహాయకుడు. ఒక్కొక్కరికీ వందల ఎకరాలు, నాలుగైదు రోజుల గడువు, పై నుంచి రోజూ ఫోన్లు. వాళ్ళు గట్టు మీద నుంచే చూసి రాసుకుని పోతారంటే వాళ్ళని నేను పెద్దగా తప్పు పట్టను. మన పని ఏంటంటే వాళ్ళని చేలోకి దింపటం. మా నాన్న చేసే పని ఇది, చూసి నేర్చుకున్నాను. గట్టు పక్కన చేను ఎప్పుడూ బానే ఉంటది, మెరక కదా, నష్టమంతా నడిమధ్య పల్లంలో ఉంటది. నాన్న ఆ అబ్బాయి రాకముందే మధ్యలో నాలుగు చోట్ల కర్రలు పాతి ఉంచాడు, రాగానే "రండి బాబూ, నాలుగడుగులే" అంటూ బురదలోకి తీసుకెళ్ళిపోయాడు. అక్కడ ఒక దుబ్బు పట్టుకుని లాగితే వేరుతో సహా ఊడి వచ్చేసింది, వేరు నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన. దుబ్బుని అలాగే ఆ అబ్బాయి ముక్కు దగ్గర పెట్టాడు. ఇంకో చోట కంకి విప్పి చూపించాడు, గింజ నొక్కితే పాలు కాదు కదా నీళ్ళు వచ్చాయి. మూడో చోట పడిపోయిన చేను పైకి ఎత్తితే కింద కంకులకి తెల్లగా మొలకలు. ఆ అబ్బాయి ఫోన్లో ముప్పై చిల్లర శాతం కొట్టబోయినవాడు ఆగి మళ్ళీ కొట్టాడు. 33కి అటూ ఇటూ ఉన్న చేలకి ఇదే తేడా.

పడిపోయిన చేల దగ్గర పేచీ ఎక్కువ. "మిషన్‌తో కోసేస్తే వచ్చేస్తదిగా" అంటారు. వస్తది, కానీ బురదలో మామూలు మిషన్ దిగదు, చైన్ మిషన్ పెట్టాలి, దాని అద్దె తుపాను తర్వాత ఎలా ఉంటదో తెలిసిందే, గింజ సగం నేలలోనే ఉండిపోద్ది. ఈ మాట గట్టిగా చెప్పండి, కానీ కోపంగా వద్దు. అద్దె ఎంత అన్నది వాళ్ళకి అక్కర్లేదు, గింజ ఎంత పోయింది అన్నదే అక్కర, దాని మీద ఉండండి.

మీ చేలో తీసే ఫోటోలో మీరు ఉన్నారో లేదో చూసుకోండి, ఎంత శాతం వేశారో అక్కడే అడగండి, చెప్పటానికి ఇబ్బంది పడినా అడగండి. కోనసీమ నుంచి నరసాపురం, భీమవరం దాకా అన్ని ఊళ్ళలో ఒకటే పద్ధతి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, అప్పటికి సార్వా చాలా చోట్ల పాలు పోసుకునే దశలో ఉంది, గాలికి పడిపోయింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటితే మన దగ్గర కోసిన పనలు తడిశాయి. దశ ఏదైనా చూపించాల్సింది మారుద్ది గానీ చూపించక తప్పదు. ఒక్కటి గుర్తుంచుకోండి, కల్లంలో రాశి పోసిన ధాన్యం తడిస్తే అది మామూలుగా ఈ లెక్కలోకి రాదు, చేలో ఉన్న పంటకే ఈ సబ్సిడీ. తడిసిన ధాన్యం సంగతి కొనుగోలు వైపు చూసుకోవాలి, తేమ 17 శాతం దాటితే అక్కడ వేరే గోల, దాని గురించి ఇంకోసారి.

కొబ్బరి వాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. దారికి అడ్డంగా పడ్డాయని మర్నాడే చెట్లు కోయించి దుంగలు అమ్మేస్తారు, తర్వాత వచ్చినాయన లెక్కపెడదామంటే మొదళ్ళు కూడా ఉండవు. తీసెయ్యాల్సి వస్తే ప్రతి చెట్టు పడ్డ చోట ఫోటో తీసి మొదలు అలాగే ఉంచండి. 1996 నవంబర్ తుపాను చూసిన పెద్దాళ్ళని అడిగితే చెప్తారు, పడిన చెట్టు ఒక నష్టం, మొవ్వు మెలిపడి నిలబడ్డ చెట్టు ఇంకో నష్టం, అది ఆర్నెల్ల తర్వాత తెలుస్తది. మొవ్వు దెబ్బతిన్నవి కూడా ఆ రోజే చూపించాలి.

లంకల్లో వాళ్ళకి ఇంకో రెండు ఉన్నాయి, ఇవి అడిగేవాళ్ళే లేరు. వరద పోయాక చేలో ఇసక మేట 3 అంగుళాలకి పైన ఉంటే తీయించుకోడానికి ఆ కేంద్రం పట్టికలోనే హెక్టారుకి 18,000 ఉంది. గోదారి కోసుకుపోయి భూమే లేకుండా పోతే హెక్టారుకి 47,000, చిన్న సన్నకారు రైతులకి. కోత పడ్డ భూమికి అది లెక్కా అంటే కాదనుకోండి, తరాల నాటి భూమి. కానీ దరఖాస్తు పెట్టకపోతే అది కూడా లేదు, పంట నష్టం లిస్టులో పేరుంది కదా అని ఊరుకోవద్దు, ఇది వేరే కాయితం, తహసీల్దార్ ఆఫీసులో ఇవ్వాలి. గేదె పోతే 37,500, పశువైద్యుడు చూసి రాసిచ్చాకే పూడ్చండి, కంపు కొడుతోందని ముందే పూడ్చేస్తే ఇక అంతే. రొయ్యల చెరువులు, చేపల చెరువులు వ్యవసాయం వాళ్ళ దగ్గర తేలవు, మత్స్యశాఖకి వెళ్ళండి.

ఎన్యుమరేషన్ అయ్యాక లిస్టు మళ్ళీ రైతు సేవా కేంద్రంలో పెడతారు, సోషల్ ఆడిట్ అంటారు. దీనికి కొద్ది రోజులే టైము. మైకులో చెప్పరు, చెప్పినా మనం వినం. రోజూ ఒకసారి అటు వెళ్ళి చూడండి, పిల్లల్ని పంపినా సరే. పేరు లేకపోతే, శాతం తక్కువ పడితే, సెంట్లు తప్పు పడితే అభ్యంతరం రాసివ్వండి. ఎక్కువ రాయక్కర్లేదు, పేరు, ఊరు, సర్వే నంబర్, ఎన్ని సెంట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీళ్ళున్నాయి, ఇంత నష్టం, నా పేరు లిస్టులో లేదు, దయచేసి మళ్ళీ చూడమని కోరుతున్నాను. ఫోటోలు ప్రింట్ తీసి వెనక జత చెయ్యండి. పక్క చేను వాళ్ళ పేరు ఎక్కి మీది ఎక్కకపోతే అది కూడా రాయండి, కానీ వాళ్ళకి ఎందుకిచ్చారు అని కాదు, ఒకే తూము కింద ఒకే నీరు అని రాయండి. ఊళ్ళో తగాదాలు రెండు నిమిషాల్లో మొదలవుతాయి, తర్వాత రెండు తరాలు నడుస్తాయి.

అక్కడ పని జరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటది, 1100కి ఫోన్ చేసి కూడా పెట్టొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కూడా మా ఊరి పెద్దాయన ఒకాయన అర్జీ పట్టుకుని కాకినాడ వెళ్ళొచ్చాడు, కోనసీమ వాళ్ళకి అమలాపురం, పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం. అర్జీ ఇచ్చాక నంబర్ ఇస్తారు, ఆ నంబర్ లేకుండా బయటికి రావద్దు.

ఇన్సూరెన్స్ దీనికి సంబంధం లేని వేరే దారి. ప్రీమియం కట్టి ఉంటే ఫసల్ బీమా వాళ్ళకి 14447కి చెప్పుకోవాలి, కొన్ని రకాల నష్టాలకి 72 గంటల్లోపే చెప్పాలి, కాబట్టి ఎన్యుమరేషన్ కోసం ఆగి ఇది మర్చిపోవద్దు. ఒకటి వస్తే రెండోది రాదని ఎవరో అంటారు, పట్టించుకోకండి, ఇది ప్రభుత్వ సాయం, అది మీరు కట్టిన ప్రీమియం.

మధ్యలో ఎవరన్నా వచ్చి ఎకరానికి ఇంత ఇస్తే పేరు ఎక్కిస్తాను అంటే నమ్మకండి, ఎక్కే పేరు ఊరికే ఎక్కుద్ది. పరిహారం పడింది ఓటీపీ చెప్పండి అని ఫోన్ వచ్చినా, వాట్సాప్‌లో యాప్ ఫైలు వచ్చి లిస్టు చూడాలంటే ఇది ఇన్‌స్టాల్ చేస్కోండి అన్నా ముట్టుకోవద్దు, లిస్టు గోడ మీదే ఉంటది.

ఇక ఆఖరిది, లిస్టులో పేరుండి, ఊరందరికీ పడి, మీకు పడకపోవటం. ఈ డబ్బులు మీరు ఇచ్చిన ఖాతా నంబర్‌కి కాకుండా చాలాసార్లు ఆధార్ ఏ బ్యాంకుకి మ్యాప్ అయి ఉంటే అక్కడికి పోతాయి. ఆధార్ లింక్ అయిందంటే అన్ని బ్యాంకులకీ అయి ఉండొచ్చు, మ్యాపింగ్ మాత్రం ఒక్కదానికే, ఆఖర్న ఎక్కడ ఒప్పుకున్నారో దానికి. మై ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటది, ఓటీపీతో లాగిన్ అయితే బ్యాంక్ పేరు చూపిస్తది. రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతా అయితే అది నిద్రపోయి ఉంటది, కేవైసీ కాయితాలు ఇచ్చి లేపాలి. ఇది తుపాను కన్నా ముందే ఏదో ఒక ఖాళీ రోజు చూసుకోండి.

మా బాబాయికి ఇదే జరిగింది. ఆయన పేరు లిస్టులో మొదటి పేజీలోనే ఉంది, నా ఫోన్లో ఫోటో కూడా ఉంది. పక్కింటాయనకి పడ్డ రోజు నుంచి బాబాయి రోజూ బ్యాంకుకెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ కొట్టించుకోవటం, ఖాళీగా రావటం. ఆఫీసులో అడిగితే "సక్సెస్ అని చూపిస్తోందండి, మీకు పడిపోయింది" అంటారు. ఈయన నాకు పడలేదంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. చివరికి నేను ఓ రోజు కూర్చుని ఆధార్‌లో చూస్తే వేరే బ్యాంక్ పేరు వచ్చింది. ఎప్పుడో పిన్నికి డ్వాక్రా పనుందని తోడు వెళ్ళినప్పుడు అక్కడ ఎవరో జీరో బ్యాలెన్స్ ఖాతా అని వేలిముద్ర వేయించుకున్నారంట, ఆ సంగతి ఆయనకే గుర్తులేదు, పాస్‌బుక్ కూడా తీసుకోలేదు. వెళ్ళి అడిగితే డబ్బులు అక్కడే ఉన్నాయి, పైసాతో సహా. దాళ్వా విత్తనాలకి ఉంటాయనుకున్న డబ్బులు, తీసేటప్పటికి దాళ్వా కోసి అమ్మేసి, మళ్ళీ సార్వాకి నారుమళ్ళు పోస్తున్నాం.